అరెస్టు ఫోటో – మన చేతుల్లో ఒకరి పరువు



రెండేళ్ళ క్రితం, మిర్చి కల్లాల మీద ఉన్న రోజుల్లో, అసర్ నమాజు తర్వాత ఒక పెద్దాయన మస్జిదులోనే కూర్చుండిపోయారు. చిలకలూరిపేట, పర్చూరుల మధ్య ఒక పల్లె వారిది. అందరూ వెళ్ళిపోయాక జేబులోంచి ఫోను తీసి మా చేతికిచ్చారు. అందులో ఒక ఫోటో. వెనుక పోలీసులు నిలబడి ఉన్నారు. ముందు నేలమీద గుట్కా బస్తాలు పేర్చి ఉన్నాయి. మధ్యలో నలుగురు తలలు వంచుకొని కూర్చున్నారు. ఆ నలుగురిలో ఒకడు ఆయన కొడుకు. గుంటూరు యార్డుకు టిక్కీలు తోలే లారీ మీద క్లీనరు. మిర్చి టిక్కీల కింద గుట్కా బస్తాలు దొరికాయి. ఆ సంగతి ఆ పిల్లవాడికి ముందే తెలుసా, తెలియదా? అది కోర్టు తేల్చవలసిన మాట, మేము తేల్చము.

బెయిలు దొరికింది, కొడుకు ఇంటికి వచ్చాడు. కానీ అతనికంటే ముందే ఫోటో ఊరు చేరింది. మస్జిదు వాట్సాప్ గ్రూపులో దాన్ని పెట్టినవాడు పరాయివాడు కాడు, కమిటీ సభ్యుడే. కింద "మన జమాఅత్ పరువు తీశాడు" అని ఒక వాక్యం కూడా రాశాడు. నర్సరావుపేటలో కుదిరిన నికాహ్ సంబంధం మూడు రోజులు తిరగకముందే చెడిపోయింది. "హజ్రత్, పోలీసులు ఫోటో తీశారు, సరే, అది వాళ్ళ పని అనుకుంటాం. మనవాళ్ళెందుకు పంచారు?" అని అడిగారాయన.

మా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పుకోవాలంటే ఆ ఫోటో మా ఫోనుకు కూడా వచ్చింది. చూశాము. ఎవరికీ పంపలేదు. కానీ గ్రూపులో "ఇది తీసేయండి భాయ్" అని ఒక్క మాట కూడా రాయలేదు. ఈ వ్యాసం ఆ మౌనం బాకీ తీర్చుకోవడానికే రాస్తున్నాము.

సూరె నూర్‌లో హజ్రత్ ఆయిషా (రజి)పై పడిన అపనింద ప్రస్తావన ఉంది. బనూ ముస్తలిఖ్ యుద్ధం నుండి తిరిగివచ్చేటప్పుడు ఆమె దళానికి వెనుకబడిపోవడం, ఒక సహాబీ ఒంటె మీద ఆమెను తీసుకురావడం, కపటులు దాన్ని పట్టుకొని కథ అల్లడం మనందరం విన్నదే. మనం అంతగా గమనించని సంగతి మరొకటి ఉంది. అల్లినవారు కపటులు, కానీ ఆ మాటను నోటనోటా మోసినవారిలో నిజమైన విశ్వాసులు కూడా ఉన్నారు. వారిలో ఒకరు బద్ర్ యుద్ధంలో పాల్గొన్న వ్యక్తి. అంటే నమాజీ అయినంత మాత్రాన ఈ రోగం సోకదనే పూచీ లేదు. నెల రోజుల పాటు మదీనాలో ఆ మాట తిరిగింది. ఒక నిర్దోషి అయిన ఇల్లాలు ఏడ్చి ఏడ్చి నీరసించిపోయింది.

ఆ ఆయతుల్లో అల్లాహ్ విశ్వాసులను మందలిస్తూ, దాన్ని విన్నప్పుడే మీవారి గురించి మంచిగా ఎందుకు తలచలేదని అడిగాడు (24:12). మీరు దాన్ని నాలుకలతో అందుకున్నారని కూడా అన్నాడు (24:15). వినేది చెవి కదా, నాలుకతో అందుకోవడమేమిటి? విన్నదానికీ పలికినదానికీ మధ్య ఆలోచనకు చోటే లేకుండా పోయిందన్నమాట. ఈ రోజు ఆ పని బొటనవేలు చేస్తోంది. ఫోటో కంటికి ఆనకముందే వేలు 'ఫార్వర్డ్' నొక్కేస్తోంది.

ఆ రోజుల్లోనే ఒక ఇంట్లో వేరే రకంగా జరిగింది. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో భార్య ఈ పుకారు సంగతి ఎత్తితే, ఆయన ఆమెను నువ్వయితే అలాంటి పని చేస్తావా అని అడిగారు. ఎన్నటికీ చేయనన్నది ఆమె. అయితే ఆయిషా (రజి) నీకంటే మేలైన వ్యక్తి కదా అన్నారాయన. మాట అక్కడే ఆగిపోయింది, గడప దాటలేదు. మన ఇళ్ళలో రాత్రి అన్నాల వేళ ఇలాంటి సంభాషణ ఎన్నిసార్లు జరుగుతోందో ఎవరికి వారు చూసుకోవాలి.

"మౌలానా, అది పచ్చి అబద్ధం. ఇది అబద్ధం కాదు కదా, అరెస్టు నిజంగానే జరిగింది కదా" అని కొందరు సోదరులు అంటారు. సబబైన ప్రశ్నే. దైవప్రవక్త (స) దీనికి ఎప్పుడో సమాధానం ఇచ్చారు. సోదరునిలో ఉన్నదే అతని వెనుక చెబితే అది గీబత్, లేనిది చెబితే అది బుహ్‌తాన్. నిజం కావడం వల్ల గీబత్ హలాల్ అయిపోదు. పైగా ఇక్కడ నిజమైనది అరెస్టు మాత్రమే, నేరం ఇంకా రుజువు కాలేదు. అరెస్టయిన వ్యక్తిని 24 గంటలలోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని మన రాజ్యాంగమే చెబుతోంది. పోలీసులు చేసేది అనుమానం మీద, కోర్టు చెప్పేది సాక్ష్యం మీద. దైవప్రవక్త (స) కూడా ఒక వ్యక్తిని అనుమానం మీద నిర్బంధించి, తర్వాత వదిలివేశారని హదీసు గ్రంథాల్లో ఉంది. నిర్బంధించినంతనే అతనిపై దోషి ముద్ర పడలేదు. గుంటూరు యార్డులో టిక్కీ కుట్టు విప్పి, కాయ చేతిలోకి తీసుకొని, తేమ చూసి, తాలు ఎంత ఉందో చూసి గానీ ధర చెప్పరు. మనిషికి మాత్రం ఒక్క ఫోటో చూసి ధర కట్టేస్తున్నాం.

మన ప్రాంతం మరిచిపోకూడని ఒక కేసు ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో తెనాలికి చెందిన మన ముస్లిం అమ్మాయి ఘోరంగా హత్యకు గురైంది. ఫార్మసీ చదువుతున్న పిల్ల. 2008 ఆగస్టులో ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. అతని ముఖం పత్రికల్లో, టీవీల్లో రాష్ట్రమంతా చూసింది. 2010 సెప్టెంబరులో విజయవాడ కోర్టు 14 ఏళ్ళ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తీర్పు చెప్పి, లక్ష రూపాయలు చెల్లించమని ఆదేశించింది. అప్పటికి దాదాపు ఎనిమిదేళ్ళు జైల్లో గడిచిపోయాయి. ఆ ఇద్దరి పేర్లు మేము ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఆ పేరును మళ్ళీ మళ్ళీ ఆ కేసుతో కలిపి చదవడం వల్లనే కదా నిర్దోషికి విడుదలైనా విడుదల లేకుండా పోతున్నది!

ఆ కేసులో మమ్మల్ని కదిలించినది తీర్పు కాదు, ఆ అమ్మాయి తల్లిదండ్రుల వైఖరి. కన్నకూతుర్ని పోగొట్టుకున్నవారు, ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలుననుకోవడం సహజం. కానీ వారు పత్రికల ముందు, అందరి ముందు ఈ కుర్రవాడు హంతకుడు కాడని అంటూనే వచ్చారు. అతను వారి మతంవాడు కాదు, బంధువు కాదు. సూరె నిసాలోని 105 నుండి 112 వరకు ఉన్న ఆయతుల నేపథ్యం చదివినవారికి ఇది వెంటనే గుర్తుకొస్తుంది. మదీనాలో ఒక కవచం దొంగిలించబడింది. దొంగ ముస్లిం కుటుంబానికి చెందినవాడు, నింద మాత్రం ఒక యూదుని మీదికి నెట్టబడిందని ముఫస్సిర్లు పేర్కొన్నారు. అల్లాహ్ ఆ యూదుని నిర్దోషిత్వాన్ని వహీ ద్వారా వెల్లడి చేశాడు. తప్పు తాను చేసి నిర్దోషి మీద మోపేవాడు ఎంత పెద్ద పాపభారాన్ని మోస్తున్నాడో అక్కడే హెచ్చరించాడు. కాబట్టి ఫోటోలో ఉన్నవాడు మనవాడైతే కప్పిపుచ్చడం, పరాయివాడైతే పంచడం అనే రెండు తూకాలు మనకు తగవు.

మన పిల్లలు కూడా ఈ బాధ పడ్డారు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిదులో బాంబు పేలిన తర్వాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్ళారు. నిర్దోషులుగా తేలినవారికి, ప్రశ్నించి వదిలేసినవారికి కలిపి 70 మందికి 2012 జనవరిలో ప్రభుత్వం పరిహారం, సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని రద్దు చేసింది. ఒకసారి పోయిన పేరును వెనక్కి తేవడం ప్రభుత్వానికే అంత కష్టమైంది.

ఇక నేరం నిజంగానే చేసి ఉంటే? అప్పుడైనా మన చేయి ఊరుకోవాలి. తప్పు చేసిన వ్యక్తిని బయటపడమని పంపిన సహాబీతో దైవప్రవక్త (స), నీ వస్త్రంతో అతన్ని కప్పి ఉంటే నీకే మేలుగా ఉండేదన్నారు. మద్యం తాగి శిక్ష పొందిన వ్యక్తిని ఒకరు శపించబోతే, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడకండని వారించారు. శిక్ష అమలైంది, కానీ అవమానం అందులో భాగం కాలేదు. ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. చిట్టీల పేరుతో మోసం చేసేవాడు, ఆడపిల్లలను వేధించేవాడు ఇంకా తిరుగుతుంటే, నష్టపోబోయేవారిని హెచ్చరించడం ధర్మసమ్మతమేనని ఉలమాలు చెప్పారు. అయితే హెచ్చరిక అవసరమైనవారి చెవిలో, అవసరమైనంత మేరకే వెయ్యాలి. మూడొందల మంది ఉన్న గ్రూపులో నవ్వే బొమ్మలతో కాదు.

ఫోటో పడిన ఇంటివారికి కూడా రెండు మాటలు చెప్పాలి. పరువు కాపాడుకోవడం అహంకారం కాదు, అది సున్నత్. ఒక రాత్రి దైవప్రవక్త (స) తమ సతీమణి సఫియ్యా (రజి)తో నడుస్తుండగా ఇద్దరు అన్సారులు వేగంగా దాటిపోబోయారు. వారిని ఆపి, ఈమె సఫియ్యా అని స్వయంగా చెప్పారు. ఆయనకే ఆ అవసరం కనిపిస్తే మనమెంత? హజ్రత్ యూసుఫ్ (అలై) సంగతి చూడండి. రాజు పిలుపు వచ్చింది, జైలు తలుపు తెరుచుకుంది. అయినా ఆయన బయటికి రాలేదు. ఆ స్త్రీల విషయం ముందు విచారించమని దూతను తిప్పి పంపారు (12:50). విడుదల కంటే ముందు నింద తొలగడం ఆయనకు ముఖ్యమైంది.

మన యూసుఫ్‌లు కూడా అదే దారి పట్టాలి, చట్టం దారి. లాయరుకు డబ్బు లేకపోతే గుంటూరులోనూ ఒంగోలులోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. కస్టడీలో ఉన్నవారికి అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కేసు కొట్టివేసినా, నిర్దోషి అన్నా, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకొని ఇంట్లో భద్రపరచండి. అరెస్టు వార్త వేసిన పత్రికకు ఆ కాపీ పంపి, ఇది కూడా వెయ్యమని మర్యాదగా అడగండి. వార్తే తప్పయితే ప్రెస్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోపే చేయాలి, చాలామంది ఆలస్యం చేసి పోగొట్టుకుంటున్నారు. అరెస్టయినవారిని మీడియా ముందు ఊరేగించవద్దని కేంద్ర హోంశాఖ 2010లోనే రాష్ట్రాలకు రాసింది. పోలీసుల మీడియా సమావేశాలకు నియమావళి తయారు చేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లవాడైతే పేరు గానీ ఫోటో గానీ ప్రచురించడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరమే. మస్జిదు గ్రూపులో పెట్టినా అది ప్రచురణే అవుతుందని అడ్మిన్‌లు గుర్తుంచుకోవాలి. ఇంటర్నెట్టులో ఉండిపోయిన పాత కేసు వివరాల మీద కూడా కోర్టుకు వెళ్ళవచ్చు. 2021లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా బయటపడిన ఒక వ్యక్తి తీర్పు వెతుకులాటలో కనిపించకుండా చేయమని ఉత్తర్వు ఇచ్చింది.

ఫోటో తీయిస్తామని డబ్బు అడిగేవారిని మాత్రం నమ్మకండి. అమెరికాలో ఇదొక వ్యాపారమే అయింది. అరెస్టు ఫోటోలు పెట్టడం, తీసేయడానికి రుసుం అడగడం! 2013 నుండి అక్కడి కొన్ని రాష్ట్రాలు దాన్ని ఆపడానికి చట్టాలు చేయవలసి వచ్చింది. అలాగే సంబంధం మాట్లాడేటప్పుడు కేసు దాచిపెట్టకండి. నికాహ్ తర్వాత ఎవరో ఫోనులో చూపిస్తే అప్పుడు పోయేది పరువు ఒక్కటే కాదు. ఉన్నది ఉన్నట్టు, కాగితాలు చేతిలో పెట్టి చెప్పండి. వినేవారు కూడా ఆ కాగితం చదవాలి, ఫోటో కాదు.

ఆ పెద్దాయన వచ్చి వెళ్ళిన తర్వాతి జుమా ఖుత్బాలో మేము ఈ సంగతులు చెప్పాము, ఎవరి పేరూ ఎత్తకుండా. నమాజు అయ్యాక ఆ కమిటీ సభ్యుడు మా దగ్గరకు వచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు. మగ్రిబ్ తర్వాత ఒక్కడే ఆ ఇంటికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి మన్నించమన్నాడట. గ్రూపులో ఫోటో పెట్టిన చోటే తన తప్పు కూడా రాశాడు. నర్సరావుపేటవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా రోజున ఆ తండ్రి ఇప్పుడు బస్సెక్కి ఒంటరిగా వెళ్ళడం లేదు, కమిటీ సభ్యుడు తన బండి మీద తీసుకెళ్తున్నాడు. ఆ ఫోటో ఇంకా ఎవరెవరి ఫోనుల్లో ఉందో మాకు తెలియదు. అలాంటిది మీ ఫోనులో ఏదైనా ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు దాన్ని తీసేయండి.