వాళ్లకి నీళ్లు వదిలేది ఎవరు?

జూలై 26న కార్గిల్ విజయ్ దివస్. భక్తి ఛానల్‌లో యుద్ధం మాటలెందుకు అంటారా?

మాఘ శుద్ధ అష్టమి, అంటే భీష్మాష్టమి నాడు మన పెద్దలు భీష్ముడికి తర్పణం వదులుతారు. ఆయనది మన వంశం కాదు, మన గోత్రం కాదు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. అందుకే ఆయనకి అందరూ వారసులే!

1999 కార్గిల్ యుద్ధంలో మన సైనికులు 527 మంది ప్రాణాలిచ్చారు. జూలై 3న కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే, 7న కెప్టెన్ విక్రమ్ బత్రా. ఇద్దరికీ 24 ఏళ్లే, ఇద్దరికీ పెళ్లి కాలేదు. పరమవీర చక్ర వచ్చింది, కానీ అందుకోడానికి వాళ్లు లేరు. మరి వాళ్లకి వారసులెవరు? మనం కాదా?

తర్పణంలో "మా పెద్దలు" అని గుంపుగా అనేసి ఊరుకోం. పేరు, గోత్రం చెప్పి ఒక్కొక్కరికీ నీళ్లు వదులుతాం. స్టేటస్‌లో "అమరవీరులకు జోహార్" పెట్టేస్తే అయిపోయినట్టు కాదు. కనీసం ఒక్కరి గురించి తెలుసుకోండి. జూన్ 28న నేలకొరిగిన మన హైదరాబాద్ వాసి, మహావీర చక్ర మేజర్ పద్మపాణి ఆచార్యతో మొదలుపెట్టండి.

ఆ సాయంత్రం దీపం పెట్టి, ఆ పేరు పైకి పలకండి. జై హింద్, జై శ్రీరామ్.