రెండూ అనుసరించవు



బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్న మన విచారణ అబ్బాయి ఒకడు మొన్న సాయంత్రం పుస్తకం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్, మీరు తర్కశాస్త్రం చదివారటగా, ఇది కాస్త చూడండి" అన్నాడు. ప్రశ్నలో రెండు ప్రకటనలున్నాయి: అధ్యాపకులందరూ పట్టభద్రులే, పట్టభద్రులలో కొందరు గాయకులు. కింద రెండు తీర్మానాలు: అధ్యాపకులలో కొందరు గాయకులు, గాయకులందరూ అధ్యాపకులే. వీటిలో ఏది అనుసరిస్తుంది?

వాడు మొదటిదానికి టిక్కు పెట్టాడు. పుస్తకం చివర జవాబు మాత్రం "రెండూ అనుసరించవు" అని ఉంది. "మన బడి మాష్టార్లు గుడిలో పాటలు పాడతారు కదా ఫాదర్!" అని వాడి వాదన. పాడతారు, నిజమే. (బాగా పాడతారా అన్నది వేరే ప్రశ్న.) కాని ఆ సంగతి ఇచ్చిన ప్రకటనల్లో లేదు. అవి లోకానుభవానికి విరుద్ధంగా ఉన్నా సరే వాటినే సత్యమనుకొని, వాటి నుండి తప్పనిసరిగా వచ్చేదానినే గుర్తించాలన్నది ఇటువంటి ప్రశ్నల నియమం. పాడే ఆ కొందరు పట్టభద్రులలో ఒక్క అధ్యాపకుడు కూడా లేకపోవచ్చు. ఆ "లేకపోవచ్చు" చాలు, తీర్మానం నిలవదు.

వాడు ఒప్పుకున్నాడు. కాని వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు: "రెండూ అనుసరించవు అని పెట్టాలంటే భయం ఫాదర్. ఏమీ తెలియక పెట్టినట్టుంటుంది."

పరీక్ష హాలులో వాడికున్న భయమే బయట మనందరికీ ఉంది. అపోస్తలుల కార్యములు 28వ అధ్యాయం తీసి చూడండి. ఓడ బద్దలై మాల్టా దీవికి చేరిన పునీత పౌలు చితుకులు ఏరి మంటలో వేస్తుంటే, పాము ఆయన చేతిని పట్టుకుంది. ఇతడు హంతకుడై ఉంటాడు, సముద్రం వదిలినా న్యాయం వదలలేదని దీవివాసులు తేల్చేశారు. కాసేపు ఎదురుచూశారు. ఆయన పడిపోలేదు, చేయి వాయలేదు. అయితే ఇతడు దేవుడే అన్నారు! వారేమీ చెడ్డవారు కారు. వానలో తడిసి చలికి వణుకుతున్న పరాయివారికి నిప్పు రాజేసి ఆదరించినవారే. వారు కళ్లారా చూసింది ఒక పామును, చావని ఒక మనిషిని. దాని నుండి వారి తీర్మానాలు రెండూ అనుసరించవు.

ఇక నా సంగతి. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో పండుగ చందాల లెక్కలో నాలుగు వేల రూపాయలు తక్కువ వచ్చాయి. లెక్కలు చూసే పెద్దమనిషి ఆ నెలలోనే మోటారు సైకిలు కొన్నాడు. డబ్బు తీసినవాడు ఖర్చు పెడతాడు, ఇతడు ఖర్చు పెట్టాడు, కాబట్టి... ఆ "కాబట్టి" దగ్గర ఆగినవారు చాలా తక్కువ. సెమినరీలో ఈ తప్పును పేరుతో సహా కంఠస్థం చేసిన నేనూ ఆగలేదు. నోరు తెరిచి ఎవరితోనూ ఏమీ అనలేదు. కారణం చెప్పకుండా ఆ బాధ్యత మాత్రం తీసి మరొకరికి అప్పగించాను. ఊరికి అది చాలింది. ఆ కుటుంబం తలెత్తుకొని తిరగలేకపోయింది. నాలుగు వేలు ఏమయ్యాయో ఈనాటికీ తెలియదు.

తగిన ఆధారం లేకుండా పొరుగువాని దోషాన్ని లోలోపల నిజమని నమ్మినా అది పాపమేనని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2477వ పేరాలో బోధిస్తుంది. అంటే "నేనెవరితోనూ అనలేదు" అన్న నా సమాధానం పాపసంకీర్తనంలో చెల్లదు.

"మరి ఫాదర్, కళ్లు మూసుకొని కూర్చోమంటారా?" అని మీరడగవచ్చు. పునీత తోమాసు అక్వినాసు తన 'సుమ్మా'లో, న్యాయాన్ని గురించి రాసిన చోటనే దీన్ని చర్చించాడు. సందేహం ఉన్నచోట మనిషిని మంచివానిగానే ఎంచాలంటాడు. ఒక మంచివానిని చెడ్డవాడని ఒక్కసారి పొరబడటం కంటే, చెడ్డవారిని మంచివారని పలుమార్లు పొరబడటమే మేలంటాడు. అయితే కీడు జరగకుండా చూసుకోవలసి వచ్చినప్పుడు, కీడెంచి జాగ్రత్తపడవచ్చునని కూడా అంటాడు. జాగ్రత్త వేరు, తీర్పు వేరు. చందాలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలని నేను ఆనాడే నియమం పెట్టి ఉండవచ్చు. దానికి ఎవరినీ దొంగను చేయనక్కరలేదు. దీర్ఘానుభవం వల్ల ముసలివారికి అనుమానం ఎక్కువని కూడా ఆయన రాశాడు. యాభై దాటాక ఆ వాక్యం చదవడం అంత సుఖంగా లేదు.

రెండేళ్ల తర్వాత ఒకనాడు ఆయన ఇంటికి వెళ్ళాను. ఇంటావిడ టీ ఇచ్చింది. "మీరు తీయలేదని నాకు తెలిసి రాలేదండీ. తీశారనుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకుండానే అనుకున్నాను. అందుకు క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను. ఆయన చాలాసేపు గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వాకిలి దాకా వచ్చి సాగనంపాడు. నేను ఆ విచారణ నుండి బదిలీ అయ్యేవరకు ఆదివారం పూజకు భార్యాబిడ్డలు వచ్చేవారు, ఆయన మాత్రం రాలేదు.