కడుపులో బిడ్డకి టెస్టులు చేయిస్తే దేవుణ్ణి నమ్మనట్టా?

ఈ వారం వీడియోలో అష్టావక్రుడి కథ చెప్పుకున్నాం కదా. ఆ కథ చదువుతున్నన్ని రోజులూ నాకు మా అక్కే గుర్తొచ్చింది. తనని అడిగే ఇది రాస్తున్నాను.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, మూడో ఐవీఎఫ్‌లో అక్కకి గర్భం నిలిచింది. మొక్కని దేవుడు లేడు. 12వ వారంలో ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేశారు. డౌన్ సిండ్రోమ్‌కి హై రిస్క్, 140లో 1 అని వచ్చింది. ఆ రాత్రి ఫోన్ చేసి, "ఒరే, ఇన్నేళ్ళు ఏడ్చి అడుక్కున్న బిడ్డరా. ఇప్పుడు బాగుందా లేదా అని చూసుకోవడానికి నేనేమన్నా కూరగాయలు ఏరుతున్నానా?" అంది. వాళ్ళ అత్తగారేమో, "దేవుడిచ్చాక మళ్ళీ ఈ టెస్టులేంటమ్మా, నమ్మకం లేదా?" అన్నారట.

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు కౌన్సెలర్ దగ్గరికి తోడు వెళ్ళాను. ఆవిడ ముందు చెప్పింది, ఇది తీర్పు కాదని. ఇలాంటి రిపోర్టు వచ్చిన 140 మందిలో 139 మంది బిడ్డలకి ఆ సమస్య ఉండదు. పైగా ఫామ్‌లో అక్క ఇప్పటి వయసు, 38 అని రాశారు. అక్కకి పెట్టింది ఫ్రీజ్ చేసిన పిండం. అండం తీసినప్పుడు తనకి 35. లెక్కలోకి రావాల్సింది ఆ వయసు. దాత అండమైతే దాత వయసు వేయాలి. సరిచేస్తే రిస్క్ తగ్గింది, కానీ పోలేదు. తర్వాతది ఎన్‌ఐపీటీ, తల్లి రక్తంతోనే చేస్తారు. అదీ ఖాయం కాదు. ఖాయంగా తెలియాలంటే ఉమ్మనీరు తీయాలి. అందులో గర్భం పోయే ప్రమాదం చిన్నదే. కానీ తొమ్మిదేళ్ళు ఎదురుచూసినవాళ్ళకి ఆ చిన్నదే కొండంత.

ఇప్పుడు కథకి వద్దాం. సుజాత కడుపులో ఉన్న బిడ్డ, తండ్రి కహోడుడి వేదపాఠంలో తప్పుందన్నాడు. తండ్రికి కోపమొచ్చి, ఎనిమిది వంకరలతో పుట్టమని శపించాడు. గమనించారా? లోపల ఉన్న బిడ్డ ఎలాంటివాడో తెలియడం తండ్రి తప్పు కాదు. తెలిసింది తనకి నచ్చలేదని శపించాడు చూడండి, అదీ తప్పు. చివరికి జనకుడి సభలో వందిని ఓడించి, నీళ్ళలో మునిగిన ఆ తండ్రిని వెనక్కి తెచ్చుకుంది ఆ కొడుకే.

అందుకే టెస్టు చేయించుకోవడం అపనమ్మకం అనుకోను. ఐవీఎఫ్ ఇంజెక్షన్లప్పుడు అడ్డురాని నమ్మకం రిపోర్టు దగ్గరే ఎందుకు అడ్డొస్తుంది? కానీ అత్తగారి మాటలో ఒక నిజముంది. "బాగుంటేనే నువ్వు మా బిడ్డవి" అనే షరతు టెస్టుతో పాటు మనకి తెలియకుండానే లోపలికొచ్చేస్తుంది. దాన్ని పట్టుకోవాలి.

అక్కా బావా ఎన్‌ఐపీటీకి వెళ్ళేముందు కూర్చుని మాట్లాడుకున్నారు. మన భయం బిడ్డ పడే బాధ గురించా, నలుగురూ ఏమనుకుంటారనా? బావ దాచుకోలేదు. "మనం పోయాక ఆ బిడ్డని ఎవరు చూస్తారు?" అన్నాడు. అది పాపపు ప్రశ్న కాదు, తండ్రి ప్రశ్న. ఏమొచ్చినా కనాలనీ, ముందే తెలిస్తే గుండె స్కాన్‌కీ, మంచి ఆసుపత్రికీ సిద్ధపడొచ్చనీ తేల్చుకున్నారు. ఇంకొకరు వేరేలా తేల్చుకోవచ్చు. చట్టం ఆ అవకాశమిచ్చింది. వాళ్ళని పాపులనడానికి నేనెవర్ని?

రిపోర్టు లో రిస్క్ అని వచ్చింది. సంతోషమే. కానీ అది రాకముందే తేల్చుకున్నారు కాబట్టి ఆ పది రోజులూ అక్క నిద్రపోగలిగింది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ స్థితిలో ఉంటే, ఐవీఎఫ్ వివరాలు, అండం తీసిన తేదీ డాక్టరుకి తప్పకుండా చెప్పమనండి. ఆమె నమ్మకాన్ని మాత్రం పరీక్షించకండి. ఆమెకి ఇప్పటికే చాలా టెస్టులున్నాయి.

సర్వం కృష్ణార్పణం. వచ్చే వీడియోలో కలుద్దాం.