పనుండి పలకరించడం

మా అక్క కూతురు లా చదువుతోంది. మైలవరం నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ఒక లా ఫర్మ్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు చెయ్యాలని బార్ కౌన్సిల్ నిబంధన. మొన్న ఫోన్ చేసి, “మావయ్యా, సీనియర్లని ఊరికే కాఫీకి పిలిచి మాట్లాడమంటున్నారు. ఊరికే కాదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. ఇది నటన కాదా?” అంది.

“కాకా పట్టడమే” అనేశాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు.

పనుండి పలకరించే మనిషి అనగానే మనకి గుర్తొచ్చేది గిరీశం. చదువు చెప్పే నెపంతో అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో దూరాడు, సంస్కర్తనంటూ వకీలు సౌజన్యారావు పంతులికి దగ్గరయ్యాడు. అయితే అదే సౌజన్యారావు ఇంటికి మధురవాణి కూడా పనుండే వెళ్లింది, అదీ మగవేషంలో. కానీ చివరికి తానెవరో తనే చెప్పేసింది. గిరీశం సంగతి ఇంకొకరు చెప్తేగానీ బయటపడలేదు. తప్పు పనుండి వెళ్లడంలో లేదు, దాచడంలో ఉంది.

మనిషిని కేవలం సాధనంగా చూడకూడదన్నాడు కాంట్. అందులో ‘కేవలం’ అన్న మాటని మనం తరచుగా మర్చిపోతాం. డాక్టర్‌నీ, బస్ కండక్టర్‌నీ పని కోసమే పలకరిస్తాం. అదేం అవమానం కాదు.

లాయర్లు పని కోసం ఎవర్నీ అభ్యర్థించకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన చెప్తుంది. వ్యక్తిగత పరిచయం లేనిచోటికి వెళ్లి మాట్లాడటం కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. మరి పరిచయాలు ముందే ఉండేది ఎవరికి? తాతా తండ్రీ ప్లీడర్లయిన వాళ్లకి. మా ఇంట్లో ఒక్క లాయరూ లేడు.

మైలవరంలో కొత్త మనిషి కనిపిస్తే “ఎవరి తాలూకు?” అని అడుగుతారు. ఆప్యాయంగానే అడుగుతారు. కులం కూడా ఆ జవాబులోనే తెలిసిపోతుంది. నా మొదటి ఉద్యోగం అలాంటి జవాబుతోనే వచ్చింది. నాన్న స్నేహితుడి కొడుకు నా రెజ్యూమే తీసుకెళ్లి లోపల ఇచ్చాడు. నేను ఎవరితోనూ కాఫీ తాగలేదు, ఎవర్నీ పొగడలేదు. అందుకే నెట్‌వర్కింగంటే నాకు పడదని ఇన్నాళ్లూ దర్జాగా చెప్పుకున్నాను. నా తరఫున ఆ పని నేను పుట్టకముందే జరిగిపోయింది.

కాఫీ కబుర్లు న్యాయమైనవని అనను. ఇంగ్లీష్ ధారాళంగా వచ్చినవాళ్లకే అక్కడా మొగ్గు. కానీ ఎవరి తాలూకూ కాని పిల్లకి ఆ దారి కూడా మూసేసి, దానికి నిజాయితీ అని పేరు పెట్టలేను.

మళ్లీ ఫోన్ చేశాను. “ఏం కావాలో ముందే చెప్పెయ్” అన్నాను.

“మరి కుదరదంటేనో?”

“అననీ. కుదరదనే వీలు వాళ్లకీ ఉండాలి కదా.”

ఆ రాత్రి లింక్డిన్ తెరిచాను. మా ఊరి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు రిఫరల్ కోసం రాసిన మెసేజులున్నాయి. నేను జవాబిచ్చినవన్నీ ఒకే రకం: “మా నాన్నగారు మీకు తెలుసు” అని మొదలైనవి. మిగతావి అలాగే ఉన్నాయి.