నీటి ఋణము

మనుష్యుడు తాను పుట్టిన నేలకు ఋణపడి యుండుననుట అందరెరిగినదే. బ్రతుకుతెరువు చూపిన నేలకును ఋణపడి యుండునా? ఉండినచో ఆ ఋణమును తీర్చవలసినవారెవరు? పద్మనగరు వాసులమైన మనము ఈ ప్రశ్నను వేసికొనక తప్పదు.

చేతిమగ్గము కూడు పెట్టలేని దినములలో మన పెద్దలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి భివండీ చేరిరి. ఇచటి మరమగ్గము వారికి అన్నము పెట్టినది. తరములు గడచినను మన నోట "ఊరు" అనినచో ఆ ఊరే. అచట చెరువు పూడినదని వినిన విచారింతుము. ఇచట కామ్వారీ నది నల్లబడిన మనకేమి యని సాగిపోవుదుము.

ఉద్యోగ విరమణానంతరము మేము కొందరు మిత్రులతో కలిసి, వేసవి సెలవులలో పిల్లలకు ప్రకృతి పాఠములు చెప్పు శిబిరమును నడుపుచున్నాము. ఇది జీతము లేని పని. వేపను మరాఠీవారు కడునింబయనియు, రావిని పింపళ్ అనియు, మోదుగను పళస్ అనియు పిలుతురని చెప్పి, రెండు భాషలలోను చెట్లను పరిచయము చేయుదుము. వరాలా చెరువు గట్టున కూర్చుండబెట్టి పక్షులను చూపుదుము.

పర్యావరణ విద్యపై ప్రపంచ దేశములు 1977లో తిబిలిసి నగరమున సమావేశమైనవి. మన దేశమున సర్వోన్నత న్యాయస్థానము 1991లో ఇచ్చిన తీర్పు ఫలితముగా ఈ విషయము పాఠశాలలకు చేరినది. మంచిదే. కాని పుస్తకములోని నది వేరు, ఇంటి వెనుక కాలువ వేరు.

ఒకనాడు పిల్లలను రంగునీరు పారు కాలువ యొద్దకు తీసికొనిపోతిమి. పదేండ్ల బాలుడొకడు మా చేయి పట్టుకొని, "తాతా, గీ రంగునీళ్లు మా బాపు పనిజేసే కార్ఖానావే. మరి మా బాపు తప్పు జేస్తున్నడా?" అని యడిగెను.

మాకు మాట రాలేదు. మేము ముప్పది యేండ్లకు పైగా ఒక సైజింగు కార్ఖానాలో గుమాస్తాగా నుంటిమి. పడుగునకు పట్టించు గంజిపిండి ఎన్ని బస్తాలో, బాయిలరునకు కట్టెలు ఎంత తూకమో పైసలతో సహా వ్రాసితిమి. వాడిన నీరు ఎచటికి పోయినదో వ్రాయు గడి మా చిట్టాలో లేదు. ఉండవలెనని మేమును అడుగలేదు.

మరునాడు బాలుడు రాలేదు. వాని యింటికి పోతిమి. తండ్రి మర్యాదగనే చెప్పెను: "సారూ, పిల్లగాడు బయట గిట్ల మాట్లాడితే నా పని పోతది. మీకు పింఛను ఉన్నది, మాకేమున్నది?"

ఆ మాట మమ్ము చాల దినములు వెంటాడినది. పేదవానికి దోషము లేదందమా, చెడిన నీటివలన మొదట జబ్బుపడునది వాని బిడ్డలే. యజమానిదే దోషమందమా, నాలుగు మగ్గములతో అప్పులలో మునిగిన యజమానులును మనలో కలరు. అగ్గువ గుడ్డ కోరు కొనుగోలుదారునకును పాలు కలదు. అందరిదీ దోషమనినచో ఎవ్వరిదీ కాకపోవును. కావున దోషమును ఎరుకను బట్టి, శక్తిని బట్టి పంచవలెనని మాకు తోచినది. ఆ లెక్కన కూలివానికంటె, తెలిసియు నోరు మెదపని గుమాస్తా పాలే ఎక్కువ.

మరియొకటి తెలిసినది. పెద్దలు అడుగవలసిన ప్రశ్నను పిల్లల నోట పెట్టుట ధర్మము కాదు. బిడ్డకు చెట్టును, నీటిని ప్రేమించుట నేర్పవలెను. నీరెక్కడికి పోవుచున్నదని యజమానులను, పురపాలకులను అడుగుట నెరసిన తలల పని. పింఛను కలవారికి పోవుటకు ఉద్యోగము లేదుగదా!

ఆ తండ్రికి ఈ మాటయే చెప్పితిమి. బాలుడు మరల శిబిరమునకు వచ్చుచున్నాడు. వానితో, "మీ బాపుది కాదు బిడ్డా, అడుగవలసిన దినములలో అడుగని ఈ తాతది తప్పు" అంటిమి. ఇప్పుడు శిబిరము ముగిసిన పిదప పెద్దలము కొందరము కార్ఖానాలకు పోయి యడుగుచున్నాము. కొందరు కుర్చీ వేయుచున్నారు, కొందరు వేయుటలేదు.

బతుకమ్మను పూలతో పూజించి నీటికి అప్పగించు జాతి మనది. ఆ ఒక్కనాడు మ్రొక్కి, తక్కిన దినములు ఆ నీటిని మరచుట మ్రొక్కు కానేరదు. అన్నము పెట్టిన ఊరు పరాయిది కాదు. దాని నీటి ఋణము మనదే, మన పిల్లలది కాదు.