అడిగే హక్కు, వేయించే బాధ్యత

పిల్లల టీకాల్లో లాభమెంత, ప్రమాదమెంత అన్న చర్చ కువైట్‌లోని మన తెలుగు ఇళ్లలో తరచు వస్తూనే ఉంటుంది. మనం చదువుకున్నవాళ్లం, లెక్క చూసుకోగలం. తట్టు సోకిన వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది. టీకా వల్ల కొందరికి జ్వరం, అరుదుగా జ్వరంతోపాటు ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ పది లక్షల మోతాదులకు ఏ ఒకటి రెండుసార్లో కనిపిస్తుంది. లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా భయం ఎందుకు పోదు?

ఆ భయానికి ఒక కారణం మన గడ్డ మీదే ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పివి టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికలు. గుజరాత్‌లోనూ ఇదే కార్యక్రమం జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. కాని మన రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాలను చూస్తే 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. ఎంతమంది తల్లిదండ్రులకు విషయం తెలిసి ఉంటుంది?

మందు మంచిదే కావచ్చు. అడగకుండా వేయడం మాత్రం అన్యాయమే. అడగవలసిన చోట అడగకపోతే మంచి మందు మీద కూడా అపనమ్మకం పుడుతుంది.

అయితే అడిగే అవకాశం ఉన్న మనం ఏం చేస్తున్నాం? మనకు భాష వచ్చు, ఎదురుగా డాక్టరు ఉన్నారు. ఆయనను ఒక్కమాట అడగకుండా ఎవరో చెప్పిన మాట విని టీకా వాయిదా వేస్తే, ఆ హక్కును మనమే వదులుకున్నట్టు.

ఇంకొక సంగతి. తట్టు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి టీకా పడాలి. సాల్మియాలోనో అబ్బాసియాలోనో మన పక్క ఫ్లాట్‌లో టీకా వయసు రాని పసిబిడ్డ ఉండవచ్చు. వేసవి సెలవుల్లో మన పిల్లలు ఊరికి వెళ్తే అక్కడా పసివాళ్లుంటారు. మన నిర్ణయం వల్ల వచ్చే ప్రమాదం వాళ్లకూ చేరుతుంది, వాళ్లను మాత్రం ఎవరూ అడగరు. ఖమ్మంలో జరిగింది తప్పనుకునే మనం ఇది ఒప్పని ఎలా అనుకోగలం?

సందేహాలన్నీ డాక్టరు ముందు పెడదాం, జవాబు ఓపికగా విందాం. ఆ తరువాత ఆలస్యం చేయకుండా టీకా వేయిద్దాం.