నేలక్రింది నీరు ఎవరిది?

వాన కురియకపోవుట దైవికము. కురిసిన నీరు ఒకరికి దక్కి వేరొకరికి దక్కకపోవుట మానుషము. ఈ రెంటిని కలిపి కరవని పిలుచుట మనకు వాడుకయైనది. మొదటిదానికి మనము చేయగలిగినది స్వల్పము. రెండవదానికి మాత్రము మనమే ఉత్తరవాదులమని మా అభిప్రాయము.

అనంతపురపు సీమను చూడుడు. పడమటి కనుమలు అడ్డుపడుటచే నైరృతి మేఘములు అచ్చటికి చేరునప్పటికి రిక్తములగును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు చాలినంత అందదు. ఏటికి సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వర్షము. అదియు తరచుగ తప్పును. ఇట్టి నేలలయందే రాయలసీమ పూర్వులు చెరువులు కట్టిరి. కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువునుగూర్చిన 1369 నాటి శాసనము నేటికిని కలదు.

చెరువునీరు కంటికి కనబడునది. అది తగ్గినప్పుడు ఊరెల్లను చూచును. నీరుగంటి వంతులు పెట్టును. అందరును తమ సాగు కొంతకొంత తగ్గించుకొందురు. ఆ పంపకము నిర్దుష్టమైనదని మేమనము. చేనికి వంతులెరిగిన ఊరే, అంటరానివారను పేరిట తోడిమనుష్యులను మంచినీటి బావి దరి చేరనీయలేదు. అయినను, నీరు కొరవడినచో కొరతనుగూడ పంచుకొనవలెనను నీతి అందు కలదు.

గొట్టపుబావి ఈ నీతిని చెరచినది. నేలక్రింది నీరు కంటికి కనబడదు. వాన తప్పిన యేట ధనవంతుడు మరింత లోతునకు దింపును. ప్రక్కచేని బావి ఎండును. ఆ పేదవాడు అప్పుచేసి తానును దింపును. రాతినేలలో నీరు పగుళ్లయందు మాత్రమే నిలుచునుగనుక, నీరు పడునో పడదో! పడకున్న అప్పు మిగులును.

“నా భూమిలో నా సొమ్ముతో త్రవ్వుకొన్న నీరు నాది కాదా?” యని కొందరడుగుదురు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము వారి పక్షమే పలికినది. కాని సొమ్ము గొట్టమును కొన్నది, కూలి నిచ్చినది, వానను కొనలేదు. ఆ నీరు పెక్కేండ్ల వాన. పొరుగువాని చేనిపైని, ఊరి బీడుపైని గూడ కురిసి ఇంకినది. దానికి గట్టులేదు, కంచెలేదు. చేను నాదైనంతమాత్రమున పొరుగువాని చేనిపై కురిసిన వాన నాదెట్లగును?

2002లో ఆంధ్రప్రదేశమున చేసిన నీరు, భూమి, వృక్షముల చట్టము, ఊరి మంచినీటి వనరునకు 250 మీటర్లలోపల అనుమతిలేక బావి త్రవ్వరాదన్నది. మంచిదే. కాని కనబడని నీటికి కాపరిని పెట్టుట సర్కారునకు సులభము కాదు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున అనంతపురము మున్నగు జిల్లాలలో కొందరు రైతులు తామే వానను, బావులలోని నీటిమట్టమును కొలిచి, లెక్క అందరియెదుట వ్రాసి, దానికి తగిన పైరు లెంచుకొనిరి. కనబడని నీరు ఆ లెక్కచే మరల కనబడినది.

చేయవలసినది ఇదియే. విత్తుటకు ముందు ఊరు కూడి నీటిని లెక్కించవలెను. త్రాగునీరు మొదట తీసియుంచి, మిగిలినదే పైరునకు పంచవలెను. బావి లేనివానికిని ఆ సభలో మాట యుండవలెను. అట్లు చేసినను వాన రాకపోవచ్చును. కాని ఒకని చేను పచ్చగానుండ వాని పొరుగిల్లాలు బిందెతో క్రోసెడు నడచుట మాత్రము తప్పును.